అటక మీది ఆటపెట్టె

గోదావరి డెల్టాలోని పాతకాలపు పెంకుటిళ్ళలో అటకకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. వాడుక నుండి తొలగిపోయినా పారవేయడానికి మనసొప్పని వస్తువులన్నీ చివరకు అక్కడికే చేరుకుంటాయి. ఇత్తడి గుండిగలు, కిరోసిన్ లాంతర్లు, ఊడిపోయిన ఉయ్యాలబల్ల గొలుసులు, వామనగుంటల పీటలు ఒకదాని పక్కన ఒకటి దుమ్ము కప్పుకొని పడి ఉంటాయి. కోనసీమలోను, నరసాపురం ప్రాంతంలోను చాలా ఇళ్ళ అటకల మీద వీటికి తోడుగా మరొక వస్తువు కనిపిస్తుంది. అది గల్ఫ్ దేశాలకు పోయి వచ్చిన సూట్‌కేసు. అటువంటి సూట్‌కేసులో నుండి బయటపడిన ఒక చిన్న ఆటపెట్టె కథ ఈనాటి యువత తెలుసుకోదగినది.

అమలాపురానికి చేరువలో ఒక పల్లె. భోగి పండుగకు ముందు ఇల్లు దులిపే వేళ, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి అటకెక్కి తాతగారి సూట్‌కేసును కిందికి దించాడు. అందులో పాత పాస్‌పోర్టు, ఖాళీ అత్తరు సీసా, దారంతో కట్టిన ఉత్తరాల కట్ట ఉన్నాయి. వాటి అడుగున ఒక బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె ఉంది. అరచేతి కంటె కొంచెం పెద్దది. పైభాగంలో పచ్చని ఛాయ గల చిన్న తెర, దాని కింద ఎడమవైపు కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట, కుడివైపు రెండు గుండ్రని బొత్తాలు. కుర్రవాడు అలవాటు కొద్దీ తెర మీద వేలితో మీటాడు. ఏమీ కదలలేదు.

"ఇదేమిటి నాన్నా?" అని అడిగాడు.

"గేమ్ బాయ్‌రా. తాతయ్య కువైట్ నుంచి పంపించారు. దాన్ని వేలితో పొడిస్తే పలకదు. నాలుగు సెల్స్ వేస్తే గాని నోరు విప్పదు" అన్నాడు తండ్రి నవ్వుతూ.

నోరు విప్పని ఆ పెట్టెకు చెప్పవలసిన చరిత్ర చాలా ఉంది. దానిని తయారుచేసిన నింటెండో సంస్థ 1889లో జపాన్‌లోని క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో ప్రారంభమయింది. ఆ సంస్థలో పనిచేసిన గున్‌పెయ్ యొకోయ్ అనే రూపకర్త ఒకనాడు రైలులో ప్రయాణిస్తూ, తోటి ప్రయాణికుడు పొద్దుపోక క్యాలిక్యులేటరు బొత్తాలు నొక్కుతూ కూర్చోవడం గమనించాడని చెబుతారు. ఆ క్యాలిక్యులేటరు తెరతోనే ఒక ఆటవస్తువును ఎందుకు చేయకూడదన్న ఆలోచన అతనికి కలిగింది. అందుకు ఫలితంగా 1980లో గేమ్ అండ్ వాచ్ అనే జేబు ఆటలు వెలువడ్డాయి. తరువాత సతోరు ఒకాడా మొదలైన సహచరులతో కలిసి యొకోయ్ బృందం రూపొందించిన గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదలయింది.

దాని శక్తిసామర్థ్యాలను వింటే నేటి విద్యార్థులకు నవ్వు రావచ్చు. తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు మాత్రమే. రంగులు లేవు. ఒకే పచ్చదనంలో నాలుగు ఛాయలు. తెర వెనుక దీపం లేదు కనుక వెలుతురులో కూర్చుంటేనే బొమ్మ కనిపిస్తుంది. జ్ఞాపకశక్తి 8 కిలోబైట్లు. ఈనాడు సెల్‌ఫోనులో తీసే ఒక్క ఛాయాచిత్రానికి అంతకు కొన్ని వందల రెట్లు చోటు కావాలి. ఆ రోజులలో కూడా ఇది వెనుకబడిన పరికరమే. అదే 1989లో అటారీ సంస్థ లింక్స్‌ను, మరుసటి ఏడు సెగా సంస్థ గేమ్ గేర్‌ను రంగుల తెరతో, వెనుక దీపంతో విపణిలోకి తెచ్చాయి. పోటీలో గెలుపు వాటిదే కావాలి. కాని అవి ఆరేసి బ్యాటరీలను నాలుగైదు గంటలలోనే పీల్చివేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. వెల కూడా తక్కువ. చివరకు గేమ్ బాయ్, దాని తరువాత వచ్చిన రంగుల గేమ్ బాయ్ కలిసి ప్రపంచమంతటా 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ఈ విజయం యాదృచ్ఛికం కాదు. యొకోయ్‌కి ఒక సిద్ధాంతం ఉంది. జపాన్ భాషలో అతడు దానికి పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే, వాడిన సాంకేతికతను పక్కదారిలో ఆలోచించి ఉపయోగించడం. ఇక్కడ తెలుగు భాష మనకు ఒక చక్కని సౌలభ్యాన్ని ఇస్తుంది. వాడిన పువ్వు అంటే వడలిన పువ్వు. వాడిన వస్తువు అంటే ఉపయోగించిన వస్తువు. యొకోయ్ చెప్పిన సాంకేతికతకు ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి. అది కొత్తదనం వడలినది. పలువురు వాడి మంచిచెడ్డలు తెలుసుకున్నది. కనుక చవక, కనుక నమ్మకం. కావలసిందల్లా దానిని ఇంతవరకు ఎవరూ వాడని తీరులో వాడే బుద్ధి.

ఈ బుద్ధి గోదావరి సీమకు కొత్తది కాదు. ధవళేశ్వరం వద్ద 1847 నుండి 1852 వరకు ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌కు ఎదురైన పెద్ద చిక్కు నదీగర్భంలోని ఇసుక. ఎంత తవ్వినా రాయి తగలని చోట పునాది నిలిపేదెట్లా? అంతకుముందు కావేరీ ప్రాంతంలో పనిచేసిన కాటన్, చోళరాజుల కాలం నాటి కల్లణైను శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే పద్ధతిని అక్కడి ప్రాచీనుల నుండే నేర్చుకున్నామని ఆయన నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. ఎప్పటిదో పాత విద్య, కొత్త నది మీద కొత్త ఫలితాన్నిచ్చింది. కరవుతో అలమటించిన డెల్టా అన్నపూర్ణ అయింది. ఒక ఆటబొమ్మను ఒక ఆనకట్టతో పోల్చడం కొందరికి అతిశయోక్తిగా తోచవచ్చు. ప్రయోజనంలో ఆ రెండింటికీ పోలిక లేదు. కాని పాతది కనుక పనికిరాదని తోసివేయని వివేకం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

హద్దుల విషయంలో ఇంతకంటె దగ్గరి పోలిక మన సాహిత్యంలోనే ఉంది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో 11వ శతాబ్దంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. ఆయన వాడిన వృత్తాలలో ఒకటైన ఉత్పలమాలను చూడండి. పాదానికి 20 అక్షరాలు. వాటిలో ఏది గురువో, ఏది లఘువో ముందే నిర్ణయమై ఉంటుంది. పదవ అక్షరం యతిస్థానం. రెండవ అక్షరానికి ప్రాసనియమం. ఇన్ని కట్టుబాట్ల నడుమ కవికి ఊపిరాడదని ఎవరైనా అనుకోవచ్చు. కాని వేయి సంవత్సరాలుగా తెలుగు కవులు ఆ 20 అక్షరాలలోనే యుద్ధాలను వర్ణించారు, విలపించారు, పరిహసించారు. ఇరవై ఒకటవ అక్షరం లేదని ఏ మహాకవీ చింతించలేదు. చోటు తక్కువైనప్పుడు ప్రతి అక్షరం తన బరువు తాను మోయవలసి వస్తుంది. గేమ్ బాయ్ తెర మీది 23,040 చుక్కల సంగతి కూడా అటువంటిదే.

ఆ చుక్కలలో ఇమిడిన ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు దానిని కనుగొన్నాడు. నాలుగేసి గళ్ళతో ఏర్పడిన ఏడు రకాల ముక్కలు ఒకటొకటిగా పైనుండి జారుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరుస పూర్తిగా నిండితే మాయమవుతుంది. నిండకపోతే మిగిలి కుప్పపడుతుంది. కుప్ప పైకప్పును తాకితే ఆట ముగుస్తుంది. నియమాలు ఇంతే. ఇందులో కథ లేదు, శత్రువు లేడు, భాషతో పని లేదు. మన పులిజూదం కూడా ఇటువంటిదే కదా! 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. ఆలయ మండపపు బండ మీద సుద్దముక్కతో గీసుకున్నా చాలు. అష్టాచెమ్మా అయినా, వామనగుంటలైనా ఆడేవారి బుద్ధికి పని చెప్పి తాము మాత్రం నిరాడంబరంగా ఉండిపోయిన ఆటలే. కనుకనే ఎక్కడో రష్యాలో పుట్టి, జపాన్ పెట్టెలో కూర్చున్న టెట్రిస్ కొబ్బరితోటల నడుమ పెరిగిన పిల్లవానికి ఒక్క పూటలో అర్థమయింది.

ఆ పెట్టె కోనసీమకు చేరిన తీరు కూడా గుర్తుంచుకోదగినది. కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న తాతగారు 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు సర్వం విడిచి కట్టుబట్టలతో ఇంటికి చేరుకున్నారు. ఆనాడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి తరలించారు. వారిలో ఆయన ఒకరు. యుద్ధం ముగిశాక అప్పులు తీర్చడానికి మళ్ళీ ఆ ఎడారికే వెళ్ళారు. 1993లో పదకొండేళ్ళ కొడుకు కోసం ఒక నెల ఖర్చులు తగ్గించుకొని ఈ ఆటపెట్టెను కొని, సెలవుకు వస్తున్న ఒక ఊరివాని చేతికిచ్చి పంపారు. ఆ ఆట ఎట్లా ఉంటుందో ఆయన చూడలేదు. దుకాణదారు మంచిదన్నాడు, ఆయన కొన్నారు. దూరదేశంలోని తండ్రులు ప్రేమను వస్తువులుగా మార్చి పంపవలసి రావడం ఆనాటి డెల్టా జీవితంలోని ఒక విషాదం.

గల్ఫ్ బంధువులు లేని పిల్లలకు మరొక దారి దొరికింది. 1990ల నడుమ చైనాలో తయారైన బ్రిక్ గేమ్ అనే చవక పెట్టెలు మన పట్టణాల ఫ్యాన్సీ దుకాణాలలోకి, తీర్థాలలోని బొమ్మల అంగళ్ళలోకి వచ్చాయి. వాటిలో అడ్డంగా 10, నిలువుగా 20 గళ్ళ తెర ఉండేది. ఆడేది టెట్రిస్ వంటి ఆటే. పెట్టె మీద 9999 ఆటలని అచ్చువేసి ఉన్నా, లోపల ఉన్నవి కొద్దిపాటి ఆటలు, వాటికి వేగం మార్చిన రూపాలు మాత్రమే. ఆ అంకెలోని అబద్ధం రెండు రోజులలోనే తెలిసిపోయినా, పిల్లలు ఆ పెట్టెను విసిరికొట్టలేదు. ఉన్న ఒక్క మంచి ఆటనే నెలల తరబడి ఆడుకున్నారు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో వేయి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా నేలకూలాయి. అనేక గ్రామాలలో చాలా రోజులు కరెంటు లేదు. టీవీలు మూగబోయాయి. అప్పుడు అమలాపురం చేరువలోని ఆ ఇంట్లో, లాంతరు వెలుగుకు తెరను వంచి పట్టుకొని, పక్కింటి పిల్లలు నలుగురు వంతులు వేసుకొని ఆడారు. ఒకని ఆట ముగియగానే పెట్టె మరొకని చేతికి మారాలి. అది ఎవరూ రాయని ఒప్పందం. రేపటి భయంతో పెద్దలు మేలుకొని ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ వంతులు కొంత ధైర్యాన్నిచ్చాయి.

ఇంత చెప్పినంత మాత్రాన పాతదంతా మంచిదని, కొత్తదంతా చెడ్డదని వాదించడం న్యాయం కాదు. ఆ రోజులలోనూ పెద్దలు ఈ పెట్టెలను తిట్టిపోశారు. పుస్తకంలో పెట్టుకొని దొంగచాటుగా ఆడి దెబ్బలు తిన్న పిల్లలున్నారు. చాలాసేపు టెట్రిస్ ఆడినవారికి కళ్ళు మూసుకున్నా ముక్కలు జారుతున్నట్లే కనిపించేది. వ్యసనపు బీజం అందులోనూ ఉంది. అయితే ఆ ఆటకూ నేటి సెల్‌ఫోన్ ఆటలకూ ఒక మౌలికమైన భేదం ఉంది. పాత ఆటకు ముగింపు ఉంది. కుప్ప పైకప్పును తాకితే ఆట పూర్తి. బ్యాటరీలు అయిపోతే ఆట పూర్తి. చీకటి పడితే తెర కనిపించదు, ఆట పూర్తి. పెట్టెను పక్కన పెట్టి అన్నానికి కూర్చుంటే, రా రమ్మని అది వెనుక నుండి పిలవదు. ఆడుతున్నవాడు ఎవడో, ఎంతసేపు ఆడాడో, తరువాత ఏమి కొంటాడో అది ఎవరికీ చెప్పదు. కొన్న రోజుననే దాని బేరం ముగిసింది.

నేటి ఆటలలో అధిక భాగానికి ఉచితంగా లభించడమే ఆకర్షణ. కాని వాటి బేరం లోపలికి వెళ్ళిన తరువాతనే మొదలవుతుంది. ఆడేవాడు లేచిపోకుండా కట్టివేయడమే వాటి రూపకల్పనలోని ప్రధాన సూత్రం. గంటగంటకూ పిలుపులు, రోజూ హాజరైతే బహుమానాలు, ఓడితే కొనుక్కోవలసిన ప్రాణాలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఆటల మీద అదుపు కోల్పోవడాన్ని ఒక రుగ్మతగా చేర్చవలసి వచ్చింది. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం తలుపు మూయగలదు. కాని ఏది ఎప్పుడు ఆపాలో తెలిసిన మనసును చట్టం తయారుచేయలేదు. ఆ శిక్షణ వ్యక్తి తనకు తానుగా ఇచ్చుకోవలసిందే.

ఇటీవల పాత ఆటపెట్టెల మీద ప్రపంచమంతటా మోజు పెరిగింది. వాటిని పోలిన కొత్త పెట్టెలు వేల కొద్దీ పాత ఆటలను నింపుకొని అంగడిలో దొరుకుతున్నాయి. బాల్యాన్ని కొని తెచ్చుకోవచ్చునన్న ఆశతో నడివయసువారు వాటిని కొంటున్నారు. పది నిమిషాలు ఒక ఆట, ఐదు నిమిషాలు మరొకటి ఆడి విసుగెత్తి మూలన పడవేసేవారూ ఉన్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఒకనాడు 9999 అనే అంకె అబద్ధం కావడమే ఆ పిల్లల అదృష్టం. ఈనాడు ఆ అంకె నిజమయింది, కాని ఏ ఆటకూ మనసు నిలవడం లేదు. ఆనాటి ఆనందం పెట్టెలో లేదు. ఉన్న ఒక్క ఆట లోతులను కొలిచిన ఏకాగ్రతలో ఉంది, తన వంతు కోసం ఎదురుచూసిన ఓర్పులో ఉంది. అవి అంగట్లో దొరకవు. కాని కావాలనుకుంటే ఏ కాలంలోనైనా, ఏ పరికరంతోనైనా అలవరచుకోవచ్చు.

ఇక ఆ పల్లెలోని ఇంటికి వద్దాం. తుప్పు పట్టిన తీగలను తండ్రి గరుకు కాగితంతో ఓపికగా రుద్దాడు. కుర్రవాడు కిరాణా దుకాణం నుండి నాలుగు బ్యాటరీలు తెచ్చాడు. మీట జరపగానే పచ్చని తెర మీద సంస్థ పేరు పైనుండి మెల్లగా దిగి, టింగుమని ఒక చిన్న చప్పుడు వినిపించింది. ముప్పై ఏళ్ళ నిద్ర ఒక్క క్షణంలో వీడింది.

"మీ రికార్డు ఎంత నాన్నా?" అని అడిగాడు కుర్రవాడు. ఆ పాత టెట్రిస్‌కు గుర్తుపెట్టుకునే శక్తి లేదు. మీట కట్టివేయగానే అంకెలన్నీ చెరిగిపోతాయి. అందుకే ఆనాటి బాలుడు తన లెక్కలను మరొకచోట దాచుకున్నాడు. తండ్రి లేచి ఉత్తరాల కట్ట విప్పాడు. పదకొండేళ్ళ చేతిరాతలో కువైట్‌కు రాసిన ప్రతి ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. ఈ వారం 38 వరసలు చేశాను. ఈ వారం 52 వరసలు. చివరి ఉత్తరంలో 97.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న తాతగారు దగ్గరకు వచ్చారు. డెబ్బై దాటిన ఆయన ఆ ఉత్తరాలను ఎన్నిసార్లు చదువుకున్నారో లెక్క లేదు. కానీ వరసలంటే ఏమిటో ఆయనకు ఏనాడూ తెలియలేదు. చదువులో ఏదో లెక్క కాబోలుననుకున్నారు. అడిగితే కొడుకు చిన్నబుచ్చుకుంటాడేమోనని అడగలేదు. ఆ పిల్లవాడు సంతోషంగా ఉన్నాడు, అంతవరకు చాలుననుకున్నారు.

మనుమడు పెట్టెను ఆయన కళ్ళ ముందుకు వంచి పట్టుకున్నాడు. పొడవైన ముక్క ఒకటి జారి సందులో ఒదిగింది. వరుస నిండింది, ఒక్కసారి మెరిసి మాయమయింది.

"ఓహో, వరసంటే ఇదా!" అన్నారు తాతగారు.

కుర్రవాడు ఆట పూర్తయ్యేవరకు ఆడి, పెట్టెను ఆయన చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు మీ వంతు తాతయ్యా."